మృత శిశువుకు జనాజా నమాజు చేయకపోతే తప్పా?

ప్రశ్న: అస్సలాము అలైకుం. మాది కర్నూలు జిల్లాలో ఒక చిన్న ఊరు. నాకు ఎనిమిదో నెల నడుస్తుండగా బిడ్డ కదలడం లేదని అనుమానం వచ్చి ఆసుపత్రికి వెళ్లాము. స్కానింగ్ తీసి, గుండె కొట్టుకోవడం లేదన్నారు. నొప్పులు రావడానికి మందు పెట్టి కాన్పు చేశారు. ఆడపిల్ల. నేను ఆసుపత్రిలో ఉండగానే మా వారు, మా మామగారు బిడ్డను ఊరికి తీసుకెళ్లి ఒక తెల్లగుడ్డలో చుట్టి ఖబరస్తాన్‌లో దఫన్ చేశారు. పుట్టినప్పుడు ఏడవని బిడ్డకు జనాజా నమాజు (అంత్యక్రియల ప్రార్థన) ఉండదని మా మసీదు ఇమాం సాహెబ్ చెప్పారట. గుస్ల్ (స్నానం) ఇవ్వలేదు, పేరూ పెట్టలేదు. రియాద్‌లో పనిచేసే మా మరిది ఫోన్ చేసి, అక్కడ నాలుగు నెలలు దాటిన బిడ్డకు తప్పకుండా నమాజు చేస్తారని, మీరు బిడ్డకు అన్యాయం చేశారని అన్నాడు. అప్పటి నుంచి ఇంట్లో వాదన ఆగలేదు. మా అత్తగారు మాత్రం ఇక ఆ మాట ఎత్తవద్దని, ఏడిస్తే గునా (పాపం) అని అంటారు. ఇది జరిగి మూడు వారాలు దాటింది. నా బిడ్డకు నమాజు ఎందుకు లేదు? ఇప్పుడు చేయవచ్చా? పేరు పెట్టవచ్చా? ఖియామత్ రోజున ఆమె నాకు కనిపిస్తుందా?

సమాధానం: వ అలైకుముస్సలాం. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. సోదరీ, మీరు చివర అడిగిన ప్రశ్నకే ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే మిగిలినవన్నీ దాని నీడలోనే ఉన్నాయని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది. మీ బిడ్డ ఖియామత్ రోజున లేపబడుతుంది. ఇది ఓదార్పు కోసం చెబుతున్న మాట కాదు. జనాజా నమాజు లేదని మీ ఇమాం సాహెబ్ ఏ హనఫీ ధర్మశాస్త్రాన్ని అనుసరించి చెప్పారో, ఆ శాస్త్రంలో ప్రామాణికంగా భావించే దుర్రె ముఖ్తార్ అనే గ్రంథమే, అవయవాలలో కొన్నయినా ఏర్పడిన బిడ్డకు గుస్ల్ ఇవ్వాలని, ఆ బిడ్డ పునరుత్థాన దినాన లేపబడుతుందని, ఇదే ఎంపిక చేసిన అభిప్రాయమని రాసింది. మీ బిడ్డ అవయవాలన్నీ ఏర్పడిన ఎనిమిదో నెల బిడ్డ. కనుక ఆ విషయంలో హనఫీలకూ రియాద్‌లోని ధర్మవేత్తలకూ మధ్య వాదన లేదు.

ఇక నమాజు సంగతి. మీ ఇమాం సాహెబ్ చెప్పింది సొంత అభిప్రాయం కాదు, మీ మరిది చెప్పింది నిరాధారం కూడా కాదు. ఈ విషయంలో మొదటి తరాల నుంచే రెండు అభిప్రాయాలు ఉన్నాయి, రెండింటి వెనుకా హదీసులు (ప్రవక్త మాటల, చేతల ఉల్లేఖనాలు) ఉన్నాయి. ఇంట్లో వాదన ఆగాలంటే ఆ రెండూ ఎక్కడి నుంచి వచ్చాయో మీరు, మీ వారు, మీ మరిది కూడా తెలుసుకోవడం అవసరం, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మొదటి అభిప్రాయానికి మూలం హజ్రత్ జాబిర్ (రజి) నుంచి తిర్మిజీ, ఇబ్నె మాజా అనే హదీసు సంకలనాలలో వచ్చిన ఉల్లేఖనం. బిడ్డ పుట్టగానే గొంతెత్తి ఏడిస్తే ఆ బిడ్డకు జనాజా నమాజు చేయాలని, ఆ బిడ్డకు వారసత్వం కూడా ఉంటుందని దాని సారాంశం. ఇది ప్రవక్త (స) వారి మాటగా కొందరు ఉల్లేఖించారు, జాబిర్ (రజి) సొంత మాటగా మరికొందరు ఉల్లేఖించారు. రెండోదే ఎక్కువ సరైనదిగా కనిపిస్తోందని తిర్మిజీ స్వయంగా వ్యాఖ్యానించారు. ఇమాం అబూ హనీఫా, ఇమాం మాలిక్, ఇమాం షాఫిఈ ఈ మార్గంలోనే నడిచారు. ఇందులో ఒక తర్కం ఉంది. జనాజా నమాజు అంటే ఈ లోకంలోకి వచ్చి, జీవించి, వెళ్లిపోయిన మనిషికి మిగిలినవారు తీర్చే హక్కు. ఆ మనిషి ఈ లోకంలో జీవించాడనడానికి పుట్టిన తరువాత కనిపించిన ఏదో ఒక గుర్తు కావాలి. అందుకే ఆ ఉల్లేఖనం నమాజును, వారసత్వాన్ని ఒకే గుర్తుతో కట్టింది. గర్భంలో ఉండగా ప్రాణం ఉన్నదన్న సంగతిని వారు కాదనలేదు, కానీ ఈ రెండు విషయాలకూ వారు లెక్కలోకి తీసుకున్నది పుట్టిన తరువాతి ప్రాణాన్నే.

రెండో అభిప్రాయానికి మూలం హజ్రత్ ముగీరా బిన్ షుఅబా (రజి) ఉల్లేఖించిన హదీసు. అబూ దావూద్‌లో అది నెలలు నిండకుండా జారిపోయిన బిడ్డకు కూడా నమాజు చేస్తారని, ఆ బిడ్డ తల్లిదండ్రుల కోసం క్షమాపణ, కారుణ్యం వేడుకుంటారని ఉంది. తిర్మిజీ సంకలనంలో ఇదే హదీసులో నెలలు నిండని బిడ్డ అని కాక పసిబిడ్డ అని మాత్రమే ఉంది, అందువల్ల కూడా చర్చకు చోటు మిగిలింది. ఇమాం అహ్మద్ బిన్ హంబల్, ఇస్హాఖ్ బిన్ రాహవైహ్ ఈ హదీసును పట్టుకుని, నాలుగు నెలలు నిండిన బిడ్డ ఏడవకపోయినా గుస్ల్ ఇచ్చి నమాజు చేయాలన్నారు. నాలుగు నెలల లెక్క ఎక్కడిదంటే, హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్ఊద్ (రజి) నుంచి బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న ప్రసిద్ధ హదీసు ఉంది. గర్భంలో మనిషి సృష్టి నలభై, నలభై, నలభై రోజుల మూడు దశలు దాటిన తరువాత దైవదూత వచ్చి ఆత్మను ఊదుతాడని అందులో ఉంది. మొత్తం 120 రోజులు. ఆత్మ వచ్చి వెళ్లిన దేహం మనిషి దేహమే కనుక దానికి నమాజు ఉండాలన్నది వారి వాదన. హంబలీ ధర్మవేత్త ఇబ్నె ఖుదామా తన ముగ్నీ గ్రంథంలో ఈ వాదనను వివరంగా నిలబెట్టారు. సౌదీ అరేబియాలో ఫత్వాలు (ధర్మ తీర్పులు) ప్రధానంగా ఈ మజ్‌హబ్ (ధర్మశాస్త్ర సంప్రదాయం) మీదే నడుస్తాయి, షేఖ్ ఇబ్నె బాజ్, షేఖ్ ఇబ్నె ఉసైమీన్ కూడా నాలుగు నెలలు దాటిన బిడ్డకు గుస్ల్, కఫన్ (శవవస్త్రం), నమాజు ఉండాలనే చెప్పారు. కాబట్టి మీ మరిది అక్కడ చూసింది నిజమే. ఉమ్రాకు వెళ్లి వచ్చినవారికి కూడా తెలుసు, మక్కాలోని హరమ్ షరీఫ్‌లో ఫర్జ్ నమాజు తరువాత జనాజా ప్రకటించేటప్పుడు పెద్దలతో పాటు పసిబిడ్డల ప్రస్తావన కూడా వినిపిస్తుంది.

షాఫిఈలు ఈ రెండింటికీ నడుమ నిలబడ్డారు. నాలుగు నెలలు దాటి, ప్రాణం ఉన్న గుర్తు కనిపించకుండా పుట్టిన బిడ్డకు గుస్ల్, కఫన్, దఫన్ తప్పనిసరి, నమాజు మాత్రం లేదన్నది వారిలో ప్రబలమైన మాట. అయితే ఆరు నెలలు నిండిన బిడ్డను అసలు నెలలు నిండని బిడ్డగానే లెక్కించకూడదని, ఆ బిడ్డకు పెద్దవారికి చేసినట్టే అన్నీ చేయాలని వారిలోనే షంసుద్దీన్ రమ్లీ అన్నారు. హైదరాబాదులోని బార్కస్ ప్రాంతంలో యెమెన్ మూలాలున్న అరబ్బు కుటుంబాలు చాలావరకు షాఫిఈలు. మీ బిడ్డ అక్కడ పుట్టి ఉంటే ఇదే చర్చ మరొక విధంగా నడిచి ఉండేది. షియా సోదరుల జాఫరీ మజ్‌హబ్‌లో కూడా నాలుగు నెలలు దాటితే గుస్ల్, కఫన్ తప్పనిసరి, నమాజు లేదు.

ఇంత వివరం రాయడానికి కారణం ఉంది. మీ ఊరిలోనూ, ఆంధ్ర, తెలంగాణలలోని అత్యధిక ముస్లింలలోనూ అనుసరించేది హనఫీ మజ్‌హబ్. మీ ఇమాం సాహెబ్ తన మజ్‌హబ్ ప్రకారం నమాజు లేదన్నారు. ఆ మాట ప్రకారం నడిచినందుకు మీ మీద గానీ, మీ వారి మీద గానీ, మీ మామగారి మీద గానీ ఏ పాపమూ లేదు. జనాజా నమాజు ఫర్జె కిఫాయా, అంటే ఊరిలో కొందరు చేస్తే అందరి బాధ్యతా తీరే విధి. అది ఈ బిడ్డ విషయంలో వర్తిస్తుందా లేదా అన్నదే ఇమాంల మధ్య భేదం. గొప్ప ఇమాంలు భేదపడిన చోట ఒకరి మాటను అనుసరించిన సామాన్యుడిని, బిడ్డకు అన్యాయం చేశావని నిందించే హక్కు ఎవరికీ లేదు. ఈ వాక్యం మీ మరిదికి చదివి వినిపించండి. అతను బిడ్డ మీద ప్రేమతోనే అన్నాడని నమ్ముతున్నాను, కానీ మాట పడింది బాలింత మీద.

అయితే ఒక విషయం దాచకుండా చెప్పాలి. నమాజు లేకపోవడం హనఫీ ఆదేశమే గానీ, గుస్ల్ ఇవ్వకపోవడం, పేరు పెట్టకపోవడం హనఫీ ఆదేశం కాదు. మన పల్లెల్లో చాలాచోట్ల నమాజు లేదు అన్న మాటతో పాటు మిగిలినవన్నీ కూడా లేవనుకుని, పొద్దుపోయాక ఎవరికీ చెప్పకుండా ఒక మూలన పూడ్చి రావడం అలవాటైపోయింది. హిదాయా గ్రంథకర్త మర్గీనానీ ఏడవని బిడ్డ గురించి రాస్తూ, ఆదం సంతానం పట్ల గౌరవంగా ఆ బిడ్డను వస్త్రంలో చుట్టాలని, నమాజు చేయరాదని చెప్పి, గుస్ల్ ఇవ్వాలన్నదే ఎంపిక చేసిన మాటగా పేర్కొన్నారు. అబూ హనీఫా శిష్యుడు ఇమాం అబూ యూసుఫ్ అభిప్రాయం ప్రకారం అటువంటి బిడ్డకు గుస్ల్ ఇవ్వాలి, పేరు పెట్టాలి. దుర్రె ముఖ్తార్ ఇదే ఎక్కువ సరైనదని, ఫత్వా దీని మీదే ఉందని స్పష్టంగా రాసింది. కారణం కూడా అదే, ఆదం సంతానం పట్ల గౌరవం. దివ్య ఖురాన్‌లో ఆదం సంతతికి మేము గౌరవం ఇచ్చామని అల్లాహ్ సెలవిచ్చిన మాటను మన ధర్మవేత్తలు మాట్లాడలేని, ఏడవలేని ఈ చిన్న దేహానికి కూడా వర్తింపజేశారు. మీ ఇంటివారు ఇది తెలియక వదిలేశారు, తెలిసి చేసిన నిర్లక్ష్యం కాదు. కానీ మసీదు మింబర్ (ప్రసంగ వేదిక) మీద నిలబడేవారు నమాజు లేదని చెప్పేటప్పుడు గుస్ల్ ఇవ్వండి, పేరు పెట్టండి, శుభ్రమైన గుడ్డలో చుట్టండి, ముస్లింల ఖబరస్తాన్‌లోనే గౌరవంగా దఫన్ చేయండి అని వెంటనే చెప్పడం వారి బాధ్యత. మొదటి ముక్క మాత్రమే విన్న తండ్రి, తన బిడ్డ లెక్కలోకి రాలేదనే భావనతో ఇంటికి వెళతాడు. ధర్మం చెప్పింది అది కాదు.

గుస్ల్ జరగలేదని మీరు మనసులో పెట్టుకుని కుమిలిపోకండి. మట్టి కప్పిన తరువాత గుస్ల్ కోసం ఖబరు తవ్వకూడదన్నది హనఫీ ధర్మవేత్తల నిర్ణయం. అది మీ చేతుల్లో లేకుండా జరిగిపోయిన విషయం. దాని గురించి ఇప్పుడు మీరు చేయవలసిన పరిహారం ఏదీ లేదు.

పేరు మాత్రం ఇప్పుడు కూడా పెట్టవచ్చు. దానికి గడువు దాటిపోలేదు, ఏ కార్యక్రమమూ అవసరం లేదు. మీరు, మీ వారు కూర్చుని, పుడితే ఏ పేరు పెట్టాలనుకున్నారో ఆ పేరే పెట్టండి. ఇంట్లో ఆ పేరుతోనే తలచుకోండి. మీ అత్తగారికి ఇది వింతగా అనిపించవచ్చు. దుర్రె ముఖ్తార్ మాట ఆవిడకు చెప్పండి, పెద్దలు కాదనరు. అఖీఖా (బిడ్డ పుట్టినందుకు ఇచ్చే జంతుబలి) సంగతి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు ఎత్తుతారు కనుక చెబుతున్నాను. హనఫీల ప్రకారం మృత శిశువుకు అఖీఖా లేదు. హంబలీలలో కొందరు మంచిదన్నారు. ఆసుపత్రి ఖర్చుల తరువాత దాని కోసం అప్పు చేయవద్దు.

ఇప్పుడు నమాజు చేయవచ్చా అన్నది మీ ప్రశ్నలలో కష్టమైనది. ప్రవక్త (స) వారి కాలంలో మసీదును ఊడ్చే ఒక వ్యక్తి చనిపోతే రాత్రివేళ ఆయనకు చెప్పకుండా దఫన్ చేశారు. విషయం తెలిసి ప్రవక్త (స) ఖబరు ఎక్కడో చూపించమని, అక్కడికి వెళ్లి నమాజు చేశారు. ఈ సంఘటన బుఖారీ, ముస్లింలలో ఉంది. నమాజు లేకుండా దఫన్ అయినవారి ఖబరు దగ్గర నమాజు చేయవచ్చని దీని నుంచే గ్రహించారు, హంబలీలు దీనికి ఒక నెల వరకు గడువు చెప్పారు. హనఫీల దగ్గర మీ బిడ్డకు మొదటే నమాజు విధి కాలేదు కనుక ఖబరు దగ్గర చేసే ప్రశ్న కూడా రాదు. అంటే మీ మరిది గానీ, ఆ అభిప్రాయాన్ని నమ్మే అహ్లె హదీస్ (మజ్‌హబ్‌ను కాక హదీసును నేరుగా అనుసరించే వర్గం) బంధువులు గానీ కొందరు ఖబరు దగ్గర నిలబడి నాలుగు తక్బీర్లతో నమాజు చేస్తే వారిని అడ్డుకోవలసిన పని లేదు, వారికి ఆధారం ఉంది. కానీ మీరు నా సలహా అడిగారు కనుక చెబుతున్నాను, మీ ఇంటివారు ఇప్పుడు ఆ పని తలపెట్టవద్దు. మూడు వారాల వాదన తరువాత అది బిడ్డ కోసం చేసే నమాజుగా కాక, ఇమాం సాహెబ్ తప్పు అని ఊరికి చూపించే నమాజుగా మారిపోతుంది. ఆ చిన్నారి ఖబరు దగ్గర రెండు వర్గాలు నిలబడడం కంటే, మీ వారు ఒక్కరే వెళ్లి చేతులెత్తి దుఆ చేయడం ఎంతో మేలు.

నమాజు, దుఆ ఒకటి కావన్న సంగతి ఇక్కడ గుర్తు చేయాలి. నమాజు గురించి ఇమాంలు భేదపడ్డారు, దుఆ గురించి ఎవరూ భేదపడలేదు. మీ బిడ్డకు పాపాలు లేవు, ఆమె కోసం క్షమాపణ అడగవలసిన అవసరం లేదు. పసిపిల్లల జనాజాలో హనఫీలు చదివే దుఆలోనే ఇది కనిపిస్తుంది. అందులో బిడ్డను క్షమించమని అడగరు. ఓ అల్లాహ్, ఈ బిడ్డను మాకంటే ముందు వెళ్లి మా కోసం సిద్ధం చేసేదానిగా చెయ్యి, మాకు ప్రతిఫలంగా, నిధిగా చెయ్యి, మా కోసం సిఫారసు చేసేదానిగా, ఆ సిఫారసు స్వీకరించబడేదానిగా చెయ్యి అని అడుగుతారు. ఆ దుఆ నమాజులోనే చదవాలని లేదు. మీకు ఇప్పుడు నిఫాస్ (కాన్పు తరువాతి రక్తస్రావం) ఉంటుంది కనుక నమాజు, ఖురాన్ పఠనం చేయలేరు, కానీ దుఆకు, జిక్ర్‌కు అడ్డు లేదు. తెలుగులో అడగండి, ఉర్దూలో అడగండి, ఏ భాషలో ఏడుపు వస్తే ఆ భాషలో అడగండి. నిఫాస్ గురించి కూడా ఒక మాట, బిడ్డ మృతశిశువుగా పుట్టినా అవయవాలు ఏర్పడి ఉంటే తరువాత వచ్చే రక్తస్రావం నిఫాసే. హనఫీల ప్రకారం దాని గరిష్ఠ కాలం నలభై రోజులు. అంతకు ముందే ఆగిపోతే గుస్ల్ చేసి నమాజులు మొదలుపెట్టాలి, నలభై రోజులు నిండాలని ఎదురుచూడకూడదు. నలభై దాటినా ఆగకపోతే నమాజులు మొదలుపెట్టండి, వైద్యులకు కూడా తప్పక చూపించుకోండి.

మీ అత్తగారు ఏడిస్తే గునా అన్నారని రాశారు. ఆవిడ మీ మేలు కోరే అన్నారని అనుకుంటాను, కానీ ఆ మాట సరికాదు. ప్రవక్త (స) వారి కుమారుడు ఇబ్రాహీం పాలు తాగే వయసులో చనిపోయాడు. ప్రాణం పోతున్న బిడ్డను చూసి ప్రవక్త (స) వారి కళ్లు వర్షించాయి. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆశ్చర్యపోయి, మీరు కూడానా ప్రవక్తా అని అడిగితే, ఇది కారుణ్యం అన్నారు. కన్ను కన్నీరు కారుస్తుంది, హృదయం దుఃఖిస్తుంది, మా ప్రభువుకు నచ్చే మాట తప్ప మేము మరేదీ పలకము, ఓ ఇబ్రాహీం, నీ ఎడబాటు మమ్మల్ని దుఃఖపెడుతోంది అన్నారు. బుఖారీలో ఉన్న హదీసు ఇది. నిషేధించింది గుండెలు బాదుకోవడాన్ని, బట్టలు చింపుకోవడాన్ని, అల్లాహ్ నిర్ణయాన్ని నిందించడాన్ని. కన్నీటిని నిషేధించలేదు. పాలు వచ్చిన రొమ్ములతో, ఖాళీ చేతులతో ఇంటికి వచ్చిన తల్లిని ఏడవవద్దనడం సబర్ (ఓర్పు) నేర్పడం కాదు. సబర్ అంటే ఏమిటో పైన చెప్పిన హదీసులో ప్రవక్త (స) స్వయంగా ఏడుస్తూ చూపించారు.

ఇబ్రాహీం (రజి) విషయంలో మీకు ఉపయోగపడే మరొక సంగతి ఉంది. ఆయనకు జనాజా నమాజు చేశారని కొన్ని ఉల్లేఖనాలు, చేయలేదని హజ్రత్ ఆయిషా (రజి) నుంచి అబూ దావూద్‌లో మరొక ఉల్లేఖనం ఉన్నాయి. చేశారన్న వాటినే ఎక్కువమంది ధర్మవేత్తలు స్వీకరించారు. అయినా చేయలేదన్న ఉల్లేఖనాన్ని చదివిన ఒక్క ధర్మవేత్త కూడా, నమాజు లేకపోతే ఆ బిడ్డ స్థానం తగ్గుతుందని అర్థం తీయలేదు. స్వర్గంలో అతనికి పాలిచ్చే దాది ఉందని ప్రవక్త (స) చెప్పినట్టు బుఖారీలో ఉంది.

మీ బిడ్డ ఇప్పుడు ఎక్కడ ఉంది, మీకు కనిపిస్తుందా అన్న ప్రశ్నకు బుఖారీలో హజ్రత్ సముర (రజి) ఉల్లేఖించిన ప్రవక్త (స) వారి సుదీర్ఘమైన కల వృత్తాంతం చూడండి. పచ్చని తోటలో ఎంతో పొడవైన ఒక మహనీయుడు, ఆయన చుట్టూ ఎందరో పిల్లలు కనిపిస్తారు. ఆయన ఇబ్రాహీం ప్రవక్త (అలై) అని, ఆ పిల్లలు సహజ ధర్మం మీద చనిపోయిన పసివారని దైవదూతలు వివరిస్తారు. దివ్య ఖురాన్ తూర్ సూరా 21వ వాక్యంలో విశ్వాసులను, విశ్వాసంలో వారిని అనుసరించిన వారి సంతానాన్ని కలిపివేస్తామని అల్లాహ్ వాగ్దానం చేశాడు. నెలలు నిండని బిడ్డ గురించే ప్రత్యేకంగా ఇబ్నె మాజాలో హజ్రత్ ముఆజ్ (రజి) ఉల్లేఖనం ఒకటి ఉంది. తల్లి అల్లాహ్ ప్రతిఫలాన్ని ఆశించి ఓర్చుకుంటే, ఆ బిడ్డ తన బొడ్డుతాడుతో తల్లిని స్వర్గానికి లాక్కుపోతాడని ప్రవక్త (స) ప్రమాణం చేసి చెప్పినట్టు అందులో ఉంది. ఆ ఉల్లేఖన పరంపర బలాబలాల గురించి హదీసువేత్తలలో చర్చ ఉంది, అది కూడా మీకు తెలియాలి కనుక రాస్తున్నాను. కానీ పసిబిడ్డలను కోల్పోయిన తల్లికి ఆ బిడ్డలు నరకాగ్నికి అడ్డుతెర అవుతారన్న మాట బుఖారీ, ముస్లింలలో దృఢంగా ఉంది. ముగ్గురు బిడ్డలని ప్రవక్త (స) చెబితే, ఇద్దరైతేనో అని ఒక స్త్రీ అడిగింది, ఇద్దరైనా సరే అని జవాబిచ్చారు.

ఈ సమాధానం చదివే ఇతర కుటుంబాల కోసం కొన్ని విషయాలు చెప్పాలి, ఇలాంటి సమయంలో ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు. పుట్టిన బిడ్డ ఏడవకపోయినా, ఒక్క క్షణం ఊపిరి తీసినా, కాలో చెయ్యో కదిపినా, గుండె కొట్టుకున్నా హనఫీల ప్రకారం అది బతికి పుట్టిన బిడ్డే. గుస్ల్, కఫన్, పేరు, జనాజా నమాజు అన్నీ ఉంటాయి. దేహంలో ఎక్కువ భాగం బయటికి వచ్చేవరకు ప్రాణం ఉండి తరువాత పోయినా ఇదే ఆదేశం. అందువల్ల ఇమాం దగ్గరికి వెళ్లే ముందు కాన్పు చేసిన డాక్టరును, నర్సును స్పష్టంగా అడగండి, బయటికి వచ్చిన తరువాత ప్రాణం ఉన్న గుర్తు ఏదైనా కనిపించిందా అని. నమాజు విషయంలో మంత్రసాని ఒక్కరి సాక్ష్యం చాలని హనఫీ ధర్మవేత్తలు ఏనాడో చెప్పారు, ఈనాటి డాక్టరు, నర్సు మాట అంతకంటే తక్కువ కాదు. నిన్నటి స్కానింగులో గుండె కొట్టుకుంది కదా అన్నది మాత్రం హనఫీల దగ్గర సరిపోదు, వారు చూసేది పుట్టిన తరువాతి గుర్తును. మీ విషయంలో కాన్పుకు ముందే గుండె ఆగిపోయిందని స్కానింగులో తేలింది కనుక ఈ సందేహానికి తావు లేదు.

రెండోది, బిడ్డ దేహం. నెలలు బాగా తక్కువున్నప్పుడు గర్భస్రావమైన పిండాన్ని ఆసుపత్రులు జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం తీసివేస్తాయి, అడగకపోతే మీ చేతికి రాకపోవచ్చు. ధార్మికంగా దఫన్ చేసుకోవాలి, మాకు అప్పగించండి అని ముందుగానే, వీలైతే రాతపూర్వకంగా అడగండి. అవయవాలు ఏర్పడని పిండమైనా శుభ్రమైన గుడ్డలో చుట్టి మట్టిలో పెట్టడమే తగినది. మూడోది, మన దేశంలో జనన మరణాల నమోదు చట్టం, 1969 ప్రకారం 28 వారాలు దాటిన తరువాత పుట్టిన మృత శిశువును కూడా నమోదు చేయాలి. కాన్పు ఆసుపత్రిలో జరిగితే ఆ సమాచారం ఇవ్వవలసింది ఆసుపత్రి వారే, ఇంట్లో జరిగితే కుటుంబ పెద్ద 21 రోజులలోపు తెలియజేయాలి. మీ బిడ్డ నమోదు జరిగిందో లేదో మీ వారిని ఒకసారి ఆసుపత్రిలో అడగమనండి.

చివరగా ఖబరు గురించి. మీరు ఇంకా ఆ చోటు చూడలేదని మీ ఉత్తరాన్ని బట్టి అర్థమవుతోంది. స్త్రీలు ఖబరస్తాన్‌కు వెళ్లడం గురించి మన దేశపు ధర్మవేత్తలలో చాలామంది వారించారు, హనఫీలలోనే ఇతరులు రోదన, పెడబొబ్బలు లేకపోతే వెళ్లవచ్చన్నారు. ఒక ఖబరు దగ్గర ఏడుస్తున్న స్త్రీకి ప్రవక్త (స) భయభక్తులు, ఓర్పు వహించమని చెప్పారే గానీ, ఇక్కడికి ఎందుకు వచ్చావని అనలేదు. మీ ఊరి ఆచారం, మీ ఇంటి పెద్దల మాట చూసుకుని, శరీరం కోలుకున్నాక మీ వారితో కలిసి వెళ్లాలో వద్దో నిర్ణయించుకోండి. ఈలోగా ఆ చోటు తెలియకుండా పోకూడదు. చిన్న ఖబర్లు రెండు వానలకే నేలలో కలిసిపోతాయి. ప్రవక్త (స) తన సహచరుడు ఉస్మాన్ బిన్ మజ్ఊన్ (రజి) ఖబరు తల దగ్గర స్వయంగా ఒక రాయి తెచ్చి పెట్టారు, తన సోదరుని ఖబరును గుర్తుపట్టడానికని చెప్పారు. మీ వారిని వెళ్లి అలాగే ఒక రాయి పెట్టి రమ్మనండి. సిమెంటు కట్టడం వద్దు, రాయి చాలు.